తడిసిన చెక్క వాసన

కొండ మీది తోట,
మార్చి 6

ఒరేయ్ ముక్కుగా,

తల నెరిసినా నాకు నువ్వు ముక్కుగాడివే. చిన్నప్పుడు గేటు దగ్గర నిలబడి లోపల ఏ తొట్టి మూత తీశారో చెప్పేసేవాడివి కదా. నాన్న పెట్టిన పేరు, నేను మార్చలేను.

నువ్వు రుచి చూసే ఆ వైన్ బోర్డు నుంచి కాగితం వచ్చింది. మన వైన్‌కి కొండ పేరు ఇవ్వరట. ‘పేరుకు తగదు’ అని రెండు ముక్కలు, కింద ఒక ముద్ర, అంతే. నాన్న ఉన్నన్నాళ్లూ, ఆయన పోయాక మీ బావ చేతిలో ఇరవై రెండేళ్లూ, ఈ వాలు మీద పండిన ఎర్ర వైన్‌ని కాదన్నవాళ్లు లేరు. ఇప్పుడు సీసా మీద కొండ పేరు వేసుకోడానికి వీల్లేదు. గురువారం ట్యాంకరు వస్తుంది. కింద మైదానంలో పండిన అడ్డమైన వైన్లన్నిటితో కలిపి మనదీ పట్టుకుపోతుంది.

మీ బావ ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పై వరుసల దగ్గర రాతిగోడ ఎక్కి కూర్చున్నాడు. నాలుగు రోజులైంది. తిండికి దిగుతాడు, తింటాడు, మళ్లీ వెళ్లి కూర్చుంటాడు. “తీగలు కత్తిరించాలి కదయ్యా” అంటే “ఏ తీగలు?” అంటాడు.

మీ ముందు పెట్టే సీసాల మీద నంబర్లే ఉంటాయని, ఏది ఎవరిదో మీకు తెలీదని నాకు తెలుసు. నిన్ను తప్పు పట్టడానికి రాయట్లేదు. ఏం బాగా లేదన్నారో కనుక్కుని ఒక్క మాట చెప్పు. ఆ మాట కోసమే ఆయన అక్కడ కూర్చున్నట్టున్నాడు.

మీ అక్క

పట్నం, మూడో అంతస్తు గది,
మార్చి 10

అక్కా,

ఉత్తరం అందింది. చాలా బాధేసింది. ఈసారి మీకొక్కరికే కాదు, చాలా తోటలకి కాదన్నారు. ఆ ఏడు ఎండలు మరీ మండాయి కదా, పంట అందరికీ అంతంత మాత్రమే.

ఎవరు ఏం రాశారన్నది బయట చెప్పకూడదు. నీకు తెలీనిది కాదు. బావని మరీ అంత మనసుకి పట్టించుకోవద్దని చెప్పు. వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే వాన. మెట్ల మీద నీళ్లు నిలుస్తున్నాయి. పని కూడా ఎక్కువగా ఉంది.

నీ తమ్ముడు

కొండ మీది తోట,
మార్చి 14

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వాన సంగతి తప్ప నాకందులో ఏమీ దొరకలేదు.

ట్యాంకరు వచ్చి వెళ్లింది. గొట్టం మీ బావే పట్టుకున్నాడు. ఏడు పీపాలూ ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. ఆ డ్రైవరు పాపం మంచివాడు, “రంగు భలే ఉందండీ” అన్నాడు. ఈయన ఊఁ అని గొట్టం చుట్టాడు.

అసలు సంగతి చెప్తా, జాగ్రత్తగా విను. పోయిన కోతల వైన్ ఇంకా సిమెంటు తొట్టిలోనే ఉంది. ఈ నెలాఖరులోగా దాన్ని పీపాల్లోకి మార్చాలి. నిన్న మీ బావ నన్ను పిలిచి అడిగాడు. “తప్పు చెక్కలో ఉంటే దీన్ని ఆ పీపాల్లో పోస్తే ఇదీ పోతుంది. తప్పు పండులో ఉంటే పై వరుసల తీగలు పీకేసి కొత్తవి నాటాలి. వాటికి ముసలితనం వచ్చిందేమో. ఏదో ఒకటి తేలాలి. పండా, చెక్కా? మీ తమ్ముణ్ణి అడుగు.”

పై వరుసలంటే నాన్న నాటినవి, నీకు చెప్పక్కర్లేదు. ఇక నీ బోర్డు, నీ పద్ధతులు నాకొద్దు. పండా, చెక్కా? ఒక్క ముక్క రాయి.

అక్క

పట్నం,
మార్చి 18

అక్కా,

నేను చెప్పినట్టు ఎక్కడా అనకండి. చెక్క. తడిసిన చెక్క వాసన ఉంది. పాత పీపాలకి వస్తుంటుంది. పండులో ఏ లోపమూ లేదు. పై వరుసల జోలికి పోవద్దని బావకి గట్టిగా చెప్పు.

నీ తమ్ముడు

కొండ మీది తోట,
మార్చి 30

ఒరేయ్ ముక్కుగా,

నీ పుణ్యమా అని మనిషి గోడ దిగాడు. నువ్వు ఆ ఒక్క మాట రాయకపోయుంటే ఈపాటికి నాన్న తీగల దగ్గర పారలు పడేవి.

పీపాలు తీసేశాడు. ఏడూ. వాళ్ల నాన్న పీపాలు చేసేవాడని నీకు తెలుసుగా. మా పెళ్లికి ముందు చలికాలమంతా కూర్చుని ఈ ఏడూ చేసి, బండి మీద ఈ కొండెక్కించి పంపించాడు. ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా అన్నాను. “ఇస్తే వాళ్ల వైన్ కూడా పాడవుతుంది” అన్నాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇనప కట్లు సుత్తితో ఒక్కొక్కటే పైకి తట్టి లాగాడు. ఆఖరి కట్టు ఊడగానే పలకలన్నీ ఒక్కసారిగా విచ్చుకుని కింద పడేవి. ప్రతి పలకనీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చివరికి నాతో అన్నాడు కదా, “నాకేం తెలియట్లేదే. నా ముక్కు మొద్దుబారినట్టుంది. మీ తమ్ముడికి తెలిసింది.”

తర్వాత గొడ్డలితో కొట్టి తగలబెట్టాడు. పొగ ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. పక్క తోటవాళ్లు గోడ దాకా వచ్చి నిలబడ్డారు.

కొత్త పీపాలు రెండు అద్దెకి తెచ్చాం, మిగతా వైన్ తొట్టిలోనే ఉంచాం. పనిలో పడ్డాడు, అదే చాలు. నీ రుణం ఎలా తీర్చుకోను అని అడగమన్నాడు మీ బావ. వీలు చూసుకుని రారా. వారం రోజులుండు.

అక్క

పట్నం,
ఏప్రిల్ 17

అక్కా,

పదిహేను రోజులు ఈ ఉత్తరం రాస్తూ చింపుతూ ఉన్నాను. ఇది చింపకముందే పోస్టు చెయ్యాలి.

పోయినేడు చలికాలంలో జ్వరం వచ్చిందని రాశాను కదా. అది తగ్గిన వారానికి ఒక పొద్దున్న కాఫీ పెట్టుకున్నా. వేడి తెలిసింది, చేదు తెలిసింది, కాఫీ తెలీలేదు. సబ్బు, కిరసనాయిలు, నా సొంత చొక్కా, ఏదీ తెలీలేదు. డాక్టరు, తిరిగి వస్తుందేమో చూద్దాం అన్నాడు. ఆ ‘ఏమో’ పట్టుకుని పదిహేను నెలలుగా బోర్డులో కూర్చుంటున్నాను. చిన్నప్పటి నుంచీ నాకున్నది ఆ ముక్కొకటే అక్కా. అది పోయిందని చెప్తే నేనెవర్నో నాకు అర్థం కాలేదు.

ఎలా నెట్టుకొచ్చానంటావేమో. రంగు కంటికి తెలుస్తుంది. పులుపూ వగరూ నాలిక్కి తెలుస్తాయి. మిగతాది పక్క కుర్చీ పెద్దాయన చేతిని చూసి రాసేవాణ్ణి. ఆయనకి నచ్చితే వెంటనే రాసేస్తాడు. నచ్చకపోతే కలం ఆగుతుంది. ఆయన ఆగితే నేను ‘తగదు’ అని రాసేవాణ్ణి.

ఆ రోజు పందొమ్మిదో నంబరు దగ్గర ఆయన ఆగాడు. నేను రాశాను. ఐదుగురిలో ముగ్గురు కాదంటే కాదన్నట్టే. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. సాయంత్రం కవరు విప్పి నంబర్ల పక్కన తోటలు చదివారు. పందొమ్మిది మనది. అక్కడే లేచి చెప్పొచ్చు. కాగితం మీ చేతికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజుల్లో ఎప్పుడైనా చెప్పొచ్చు. నేను మాత్రం రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి కూర్చున్నాను.

తర్వాత నువ్వు పండా చెక్కా అని అడిగావు. ‘తడిసిన చెక్క’ అనేది ఏం రాయాలో తోచనప్పుడు మావాళ్లు రాసే మాట. పండు అంటే పై వరుసలు పీకేస్తాడని నువ్వే రాశావు. నాన్న ఆ గోతులు తవ్వుతుంటే రాళ్లు ఏరినవాణ్ణి నేను. చెక్క అంటే బావ మహా అయితే పీపాలు వేణ్ణీళ్లతో కడుక్కుంటాడనుకున్నాను. మన నాన్నవి దాచుకుని వాళ్ల నాన్నవి పోగొట్టాను. అప్పుడలా ఆలోచించలేదని రాద్దామనుకున్నాను. ఆలోచించాననే నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆ పీపాల్లో తప్పుందో లేదో నాకు తెలీదు. ఆ వైన్ మంచిదో చెడ్డదో కూడా తెలీదు. బావ ముక్కు మాత్రం మొద్దుబారలేదు. ఆ సంగతి ఆయనకి ఎలా చెప్పాలో నువ్వే చూడు.

నీ తమ్ముడు

కొండ మీది తోట,
మే 21

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మీ బావకి చెప్పలేదు. పిండి డబ్బాలో పెట్టాను, బీరువాలో పెట్టాను, ఇప్పుడు పరుపు కింద ఉంది.

నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాశాను. పంపలేకపోయాను. ఎందుకో చెప్తాను.

పోయిన కోతలప్పుడు నువ్వొచ్చావు. మీ బావ తొట్టి దగ్గరున్నాడు. వంటింట్లో అలమార వెనక ఎలుక చచ్చి మూడు రోజులైంది. ఆ కంపుకి నేను ముక్కుకి కొంగు చుట్టుకుని వచ్చాను. నువ్వు ఆ అలమారకే కుర్చీ ఆనించుకుని రొట్టె తింటూ పేపరు చదువుకుంటున్నావు. “ఏంటక్కా, మొహానికి ఆ గుడ్డేంటి?” అని నవ్వావు.

నాకు అప్పుడే అర్థమైంది. అడగలేదు. అడిగితే ఒప్పుకుంటావు, ఒప్పుకుంటే బోర్డులోంచి బయటికొచ్చేస్తావు. మనవాడొకడు అక్కడ ఉంటే మంచిదే కదా అనుకున్నాను. నంబర్లు తప్ప పేర్లుండవని తెలిసి కూడా అనుకున్నాను. చూడు నా ఆశ.

అంటే ముక్కు పోయిందని తెలిసిన మనిషిని పండా చెక్కా అని అడిగినదాన్ని నేను. నాక్కావలసింది నిజం కాదు, ఆయన్ని గోడ దింపడానికి ఒక మాట. నువ్వు ఇచ్చావు, నేను తీసుకున్నాను. ఆయన పలకలు వాసన చూస్తుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పరిగెత్తుకెళ్లి ఆగమనొచ్చు. చేతిలో గిన్నె ఉంది. ఆ గిన్నె తుడుస్తూ నిలబడ్డాను.

నువ్వు బోర్డులో చెప్పు. చెప్పానని నీ దగ్గర్నుంచి ఉత్తరం రాగానే నేనిక్కడ చెప్తాను. నీకంటే ముందు చెప్పే ధైర్యం నాకు లేదు.

అక్క

పట్నం,
జూన్ 3

అక్కా,

చెప్పాను.

బోర్డు పెద్దావిడ తలుపేసి, నా ముందు మూత పెట్టిన గ్లాసులు మూడు పెట్టింది. ఒకదాంట్లో వెనిగరు, ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో నీళ్లు అట. ఏదేదో చెప్పమంది. మూడూ నాకు నీళ్లే. ఆవిడ తనే మూతలు పెట్టేసి ఎదురుగా కూర్చుంది.

“ఎన్నాళ్లుగా?”

“పదహారు నెలలు.”

“ఎన్నింటిని కాదన్నావు?”

“ముప్పై నాలుగు.”

“వాటిలో మీ అక్కగారి తోట ఉందా?”

“ఉందండి.”

“అందుకేనా ఇవాళ వచ్చావు?”

నేను తలొంచుకున్నాను. మిగతా ముప్పై మూడు తోటల కోసం నేనెప్పటికీ వచ్చేవాణ్ణి కాదని ఆవిడకి అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. ఆవిడ అడిగేదాకా నాకు వాటిలో మనుషులు కనిపించలేదు అక్కా. నంబర్లే కనిపించాయి.

అన్నిటినీ వేరేవాళ్లతో మళ్లీ రుచి చూపిస్తారు. ప్రతి తోట సీసాలూ రెండు సీలు వేసి దాచి ఉంచుతారు కాబట్టి కుదురుతుంది.

బయటికొస్తుంటే పక్క కుర్చీ పెద్దాయన మెట్ల దగ్గర పట్టుకున్నాడు. జరిగింది చెప్పాను. పందొమ్మిదో నంబరు దగ్గర ఎందుకు ఆగారని అడిగాను. చాలాసేపు గుర్తు చేసుకున్నాడు. “ఆ రోజు నా కలం రాయలేదోయ్. విదిలించుకోడానికి ఆగాను. పందొమ్మిదికి నేను తగును అనే రాశాను” అన్నాడు.

ఉద్యోగం పోయింది. ఊరి చివర గోడౌనులో సీసాలు కడిగే పనికి కుదిరాను. ఇక నీ వంతు.

నీ తమ్ముడు

కొండ మీది తోట,
జూన్ 22

తమ్ముడూ,

నేనూ చెప్పాను.

పొద్దున్నే పై వరుసల్లో లేత తీగల్ని తీగె కంచెకి కడుతున్నాడు. పక్కన నిలబడి మొత్తం చెప్పాను. నీ జ్వరం, కలం ఆగడం, ఎలుక, అన్నీ. ఆయన చేతులు ఆగలేదు, కడుతూనే విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

“ఈ ఇంట్లో ఎంతమందికి తెలుసు?”

“నాకూ, వాడికీ.”

“అంటే నాకొక్కడికే తెలీదు.”

ఏదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. “మీ నాన్న తీగలు మిగిలాయి. మా నాన్న పీపాలు పోయాయి. మీ అక్కాతమ్ముళ్లు బాగానే చూసుకున్నారు” అన్నాడు. కేక వెయ్యలేదు. వేసుంటే బావుండేది.

పన్నెండు రోజులుగా కంచం తీసుకుని బయట మెట్టు మీద కూర్చుని తింటున్నాడు. నాతో తోట పని గురించి తప్ప మాట్లాడడు. “ఇవాళ తీగలకి మందు కొట్టాలి.” “నీళ్లు తగ్గాయి.” అంతే. నీ మీద కోపం తెచ్చుకుందామని చూస్తున్నాను. సగం దూరం వచ్చి నా మీదకే తిరుగుతోంది.

నువ్వు చెప్పినందుకు మెచ్చుకోను. ఆలస్యంగా చెప్పినందుకు తిట్టను. నాకు ఆ రెండిటికీ అర్హత లేదు.

అక్క

పట్నం,
జూలై 2

బావా,

అక్కకి రాయకుండా నేరుగా మీకే రాస్తున్నాను. క్షమించమని అడిగితే మీరు ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది, అందుకని అడగట్లేదు. నాకు తెలీనిదాన్ని తెలిసినట్టు రాశాను. మీరు మీ ముక్కుని కాదని నా మాట నమ్మారు. అంత నమ్మకానికి నేను చేసింది ఇదీ. అక్క మీద కోపం కాస్త నా వైపు తిప్పుకోండి. నేను దూరంగా ఉన్నాను, మోయగలను.

మీ బావమరిది

కొండ మీది తోట,
సెప్టెంబరు 4

తమ్ముడూ,

బోర్డు నుంచి మళ్లీ కాగితం వచ్చింది. ‘పేరుకు తగును.’ ఐదుగురికి ఐదుగురూ. ఇప్పుడు ఆ పేరు వేసుకోడానికి వైనేదీ? మార్చిలోనే ట్యాంకరు పట్టుకుపోయింది. మన వైన్ ఎవరెవరి గ్లాసుల్లోనో ఏ పేరూ లేకుండా అయిపోయుంటుంది. కాగితంతో పాటు, దాచి ఉంచిన రెండు సీసాల్లో మిగిలిన ఒక్కటి తిరిగి పంపించారు. ఆ ఏటి మొత్తం పంటలో మిగిలింది అదే.

నిన్న మధ్యాహ్నం మీ బావ దాన్ని టేబుల్ మీద పెట్టి బిరడా తీశాడు. గ్లాసులో పోసుకుని, వాసన చూసి, నాతో “కాగితం తీసుకో. మీ తమ్ముడికి రాయాలి” అన్నాడు. ఎందుకన్నాను. “వాడు కాదన్నది ఏమిటో వాడికి తెలియాలి కదా” అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“ముందు ఏమీ రాదు. మూసుకుపోయి ఉంటుంది. గ్లాసు తిప్పి ఆగితే, తీగ మీదే ఎండిపోయిన పండు వాసన. తర్వాత మిరియం. వెనకాల, ఎండకి కాలిన రాయి మీద చినుకు పడితే వచ్చేది. అది పై వరుసలది, కింది వరుసలకి రాదు. నోట్లో పెట్టుకుంటే ముందు వగరు, మింగాక తీపి కాని తీపి. చాలాసేపు పోదు.”

“చెక్క ఉందా?” అని నేనే అడిగాను.

“ఉంది” అన్నాడు. “తడిసింది కాదు. ఎండిన చెక్క. మా నాన్న దగ్గరికెళితే వచ్చేది.”

తర్వాత గ్లాసు నా వైపు జరిపాడు. జూన్, జూలై, ఆగస్టు అన్నీ అయ్యాక, నిన్న ఆయన ఇంట్లో కూర్చుని తిన్నాడు.

నువ్వు ఆయనకి రాసిన ఉత్తరం చదివాడు. ఇవాళ పొద్దున్న కత్తెరలు సానపెడుతూ అన్నాడు: “కోత పద్దెనిమిదిన మొదలు. మనుషులు తక్కువున్నారు. గుత్తులు కొయ్యడానికి కళ్లూ చేతులూ చాలు. వాణ్ణి రమ్మను.” నిన్ను క్షమించాడని నేను రాయను. ఆయనలా అనలేదు. నాకూ ఇంకా తెలీదు. పని ఉంది, రమ్మన్నాడు, అంతవరకే.

అక్క

పట్నం,
సెప్టెంబరు 9

అక్కా,

బావ చెప్పి రాయించింది గదిలో గట్టిగా చదువుకున్నాను. ఒక్కో మాట దగ్గరా ఆగి గుర్తు తెచ్చుకోడానికి చూశాను. మిరియం గుర్తొచ్చింది. చినుకు పడిన రాయి గుర్తు రాలేదు. ఆ రాళ్ల మధ్యే పెరిగాను. అయినా రాలేదు.

పదిహేడో తారీకు పొద్దున్న బస్సుకి వస్తాను. గోడౌనులో పది రోజులు సెలవు అడిగాను. పనివాళ్లు పడుకునే షెడ్డులోనే నాకూ చోటు చూడు, ఇంట్లో వద్దు. వచ్చేటప్పుడు దారిలో, నేను కాదన్న తోటల్లో రెండింటి దగ్గర దిగి వాళ్లతో మాట్లాడి వస్తాను. మిగతా ముప్పై ఒకటీ తర్వాత ఒక్కొక్కటిగా తిరుగుతాను. వాళ్లు గేటు తియ్యకపోయినా సరే.

నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదని బావకి చెప్పమని ముందు రాశాను. కొట్టేశాను, పైన మరక పడింది అదే. అలా చెప్పొద్దక్కా. ఫర్వా ఉంది. ఒక్కసారి పలకరిస్తే బావుణ్ణని ఉంది.

నీ తమ్ముడు